జెండా పాట వేళకు ఫోన్లు మోగాలి: మూడు చోట్లకు ఒకే సిప్ సర్వర్ పెట్టడం ఎలా

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో ఫోను ఒక్క నిమిషం ఊరుకోదు. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) ఎంతకు పోయిందని ఊరి నుంచి రైతు అడుగుతాడు. ఇంకా ఎన్ని బస్తాలు దించాలని కోల్డ్ స్టోరేజీ వాళ్లు అడుగుతారు. హన్మకొండ ఆఫీసులో అకౌంటెంటుకు తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) నంబరు కావాలి. ఇదంతా చాలా చోట్ల గుమాస్తా సొంత సెల్‌ఫోన్ మీదే నడుస్తుంది. అతను పెళ్లికి పోయిన రోజు దుకాణం మూగబోతుంది.

దుకాణం, కోల్డ్ స్టోరేజీ, ఆఫీసు అనే ఈ మూడింటినీ మూడంకెల నంబర్లతో కలిపి, బయటివాళ్లకు ఒకే ల్యాండ్‌లైన్ నంబరు కనబడేలా చేయడం ఎలాగో చెబుతాను. వాడేది ఆస్టరిస్క్. తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక 1999లో మార్క్ స్పెన్సర్ సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ అది. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మీకు లైనక్స్‌లో ఫైలు తెరిచి, మార్చి, సేవ్ చేయడం వస్తే సరిపోతుంది.

ఒక మాట ముందే. ఫైళ్ల పేర్లు, కమాండ్లు ఫోన్లో చెబితే ఎలా పలుకుతానో అలాగే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ఫైల్లో సెట్టింగు పేరు రెండు మూడు మాటలదైతే మధ్యలో ఖాళీ వదలకుండా అండర్‌స్కోర్ పెట్టండి.

బేరం ఒక దారి, బస్తాలు ఒక దారి

ఇంటర్నెట్ కాల్‌లో రెండు ప్రయాణాలు ఉంటాయి. ఎవరు ఎవరికి చేస్తున్నారు, మోగుతోందా, ఎత్తారా, పెట్టేశారా అనే కబుర్లన్నీ సిప్ అనే పద్ధతిలో నడుస్తాయి. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261 దానికి మూల పత్రం. మనిషి మాట మాత్రం ఆర్‌టీపీ అనే వేరే పద్ధతిలో, వేరే పోర్టుల్లో పోతుంది. మార్కెట్లో బేరం కుదిరేది రాశి దగ్గర, బస్తాలు పోయేది లారీలో ఇంకో గేటు నుంచి. ఇక్కడ సిప్ బేరం, ఆర్‌టీపీ లారీ. లారీ ఏ అడ్రసుకు పోవాలో బేరం చీటీలోనే రాసి ఉంటుంది, ఆ భాగాన్ని ఎస్‌డీపీ అంటారు.

ఇది బుర్రలో ఉంటే సగం టెన్షన్ పోతుంది. ఫోను మోగనే లేదంటే సిప్ చూడాలి. మోగి, ఎత్తాక మాట వినపడలేదంటే చీటీలో అడ్రసు చూడాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మాట వినపడలేదన్నప్పుడల్లా పాస్‌వర్డులు మార్చేవాణ్ణి. ఫోను మోగిందంటేనే పాస్‌వర్డు బాగుందని అర్థం కదా, అది తట్టడానికి చాలా రోజులు పట్టింది.

నంబర్లు ముందు కాగితం మీద రాయండి

కంప్యూటర్ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకుని ఎవరికి ఏ నంబరో రాయండి. చాలామంది 101 నుంచి మొదలుపెడతారు. వద్దు. మన దేశంలో 100 పోలీసు, 101 ఫైరింజను, 108 అంబులెన్సు, 112 అన్నిటికీ కలిపిన అత్యవసర నంబరు. మీ దుకాణంలో ఎనిమిదో ఫోనుకు 108 ఇచ్చారనుకోండి. హమాలీ ఎవరైనా బస్తాల కింద పడినప్పుడు కంగారులో 108 కొడితే పక్క గదిలో ఫోను మోగుతుంది. ఒకటితో మొదలయ్యే మూడంకెల నంబర్లను అత్యవసరానికి వదిలేయండి.

నేను దుకాణానికి 200 వరుస, కోల్డ్ స్టోరేజీకి 300 వరుస, ఆఫీసుకు 400 వరుస ఇస్తాను. నెట్‌వర్కు అడ్రసులు కూడా ఇదే లెక్కన పెట్టండి: దుకాణంలో 10.20.2, కోల్డ్ స్టోరేజీలో 10.20.3, ఆఫీసులో 10.20.4. ఇంటర్నెట్ వాళ్లు బిగించిపోయిన రౌటర్లు చాలావరకు 192.168.1తోనే వస్తాయి. మూడు చోట్లా అదే ఉంటే వీపీఎన్ (మూడు చోట్లనూ ఇంటర్నెట్ మీద ఒకే సొంత నెట్‌వర్కుగా కలిపే దారి) వేసిన రోజు ఏ ప్యాకెట్ ఎటు పోవాలో ఏ రౌటర్‌కూ తెలియదు. మొదటి రోజే మార్చేయండి. ఆ తర్వాత ప్రింటర్లు, సీసీ కెమెరాలు అన్నీ పాత అడ్రసుకు అలవాటు పడతాయి, మార్చడం నరకం.

సర్వర్ ఎక్కడ పెట్టాలి, ఎంత ఇంటర్నెట్ కావాలి

కరెంటు, ఇంటర్నెట్ కాస్త నిలకడగా ఉండే చోటే సర్వర్ పెట్టాలి. మా లెక్కలో అది హన్మకొండ ఆఫీసు. ఇరవై ముప్పై ఫోన్లకు పెద్ద సర్వర్ అక్కర్లేదు. ఫ్యాను లేని చిన్న మినీ పీసీ, నాలుగు జీబీ మెమరీ, ఒక ఎస్‌ఎస్‌డీ చాలు. మార్కెట్ దుమ్ములో, అందులోనూ మిర్చి ఘాటులో, ఫ్యాను ఉన్న మెషీన్ ఎక్కువ కాలం బతకదు.

ఇంటర్నెట్ లెక్క ఇది. మన దేశంలో ల్యాండ్‌లైన్ కాల్స్‌కు వాడే కోడెక్ (మాటను అంకెలుగా మార్చే పద్ధతి) జీ.711, అందులోనూ ఏ-లా రకం. మాట ఒక్కటే సెకనుకు 64 కిలోబిట్లు. దాన్ని సెకనుకు 50 ప్యాకెట్లుగా కోసి, ఒక్కో ప్యాకెట్‌కు తలపాగాలు (హెడర్లు) చుట్టేసరికి ఒక్కో వైపు సుమారు 87 కిలోబిట్లు అవుతుంది. ఒకేసారి పది కాల్స్ నడిస్తే 870 కిలోబిట్లు. మన ఎస్టీడీ కోడ్ 0870, అలా గుర్తుపెట్టుకోండి. వీపీఎన్ మీద పంపితే కాల్‌కు 110 కిలోబిట్లు దాటుతుంది. అయినా ఏ ఫైబర్ కనెక్షనుకూ ఇది భారం కాదు. అసలు చూడాల్సింది స్పీడు కాదు, ప్యాకెట్లు ఎన్ని దారిలో తప్పిపోతున్నాయి, మిగతావి ఎంత కుదుపుతో వస్తున్నాయి అనేది. జెండా పాట వేళకు దుకాణం నుంచి ఆఫీసు రౌటర్‌కు పది నిమిషాలు పింగ్ పెట్టి చూడండి. ప్యాకెట్లు నూటికి ఒకటి తప్పిపోతున్నా మాట అక్కడక్కడా విరుగుతుంది.

ఇన్‌స్టాల్ గురించి ఎక్కువ చెప్పను. ఆస్టరిస్క్‌లో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండేది) అని రాసి ఉన్న వెర్షనే తీసుకోండి, 2024 అక్టోబరులో వచ్చిన 22 అలాంటిది. డెబియన్ 12లో రెడీమేడ్ ప్యాకేజీ లేదు కాబట్టి సోర్స్ దించుకుని, అందులోనే ఉన్న ఇన్‌స్టాల్ ప్రీరెక్ (మధ్యలో అండర్‌స్కోర్) స్క్రిప్టు నడిపి, కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ వరుసగా కొట్టండి. ఇంటర్నెట్లో దొరికే పాత పాఠాల్లో సిప్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు రాయమంటే ఆ పాఠం మూసేయండి. అది చాన్-సిప్ అనే పాత డ్రైవర్‌ది. వెర్షన్ 21 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పటి డ్రైవర్ పీజేసిప్, రాసేది పీజేసిప్ డాట్ కాన్ఫ్.

ఒక ఫోనుకు మూడు ముక్కలు

పీజేసిప్‌లో కొత్తవాళ్లు ముందు తికమకపడేది ఇక్కడే. ఒక ఫోనుకు మూడు భాగాలు రాయాలి. ఎండ్‌పాయింట్ అంటే ఆ ఫోను ఎలా ప్రవర్తించాలి. ఆథ్ అంటే దాని పేరు, పాస్‌వర్డు. ఏఓఆర్ అంటే ఆ ఫోను ఇప్పుడు ఏ అడ్రసులో ఉందో రాసుకునే పలక. మూడింటికీ తలమీద చదరపు బ్రాకెట్లలో ఒకే నంబరు పెట్టవచ్చు, టైప్ అనే వరుసను బట్టి ఆస్టరిస్క్ వేరు చేసుకుంటుంది. దుకాణంలో గుమాస్తా బల్ల మీది 202 ఫోనుకు ఎండ్‌పాయింట్ ఇలా ఉంటుంది:

[202]
టైప్ = ఎండ్‌పాయింట్
కాంటెక్స్ట్ = షాప్
డిసలౌ = ఆల్
అలౌ = ఏ-లా
ఆథ్ = 202
ఏఓఆర్స్ = 202
డైరెక్ట్ మీడియా = నో
ఆర్‌టీపీ సిమెట్రిక్ = యెస్
ఫోర్స్ ఆర్‌పోర్ట్ = యెస్
రీరైట్ కాంటాక్ట్ = యెస్

ఏ-లా అన్నచోట ఫైల్లో అడ్డగీత లేకుండా ఏ, ఎల్, ఏ, డబ్ల్యూ అని నాలుగు అక్షరాలే. డైరెక్ట్ మీడియా నో అంటే మాట ఎప్పుడూ సర్వర్ గుండానే పోవాలని అర్థం. కొంచెం దారి ఎక్కువైనా తప్పు ఎక్కడుందో వెతకడం తేలికవుతుంది. చివరి మూడు వరుసలూ రౌటర్ వెనక ఉన్న ఫోన్ల కోసం. చీటీలో ఏం రాసి ఉన్నా ప్యాకెట్ నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే జవాబు పంపమని చెబుతాయి.

ఏఓఆర్‌లో మ్యాక్స్ కాంటాక్ట్స్ 1, రిమూవ్ ఎగ్జిస్టింగ్ యెస్, క్వాలిఫై ఫ్రీక్వెన్సీ 60 పెట్టండి. మూడోదానితో సర్వర్ నిమిషానికొకసారి ఫోనును పలకరించి, బతికుందో లేదో చూస్తుంది. ఏఓఆర్ తలమీది పేరు, ఫోను రిజిస్టర్ అవుతున్న నంబరు అచ్చం ఒకటే అయి ఉండాలి. అక్కడ 202 బదులు షాప్202 అని ముద్దుగా పేరు పెట్టుకుంటే పాస్‌వర్డు సరిగ్గా ఉన్నా 404 (దొరకలేదు) అనే జవాబు వస్తుంది.

వీటన్నిటికీ పైన ఒక ట్రాన్స్‌పోర్ట్ భాగం ఉంటుంది: ప్రోటోకాల్ యూడీపీ, బైండ్ 0.0.0.0, పోర్టు 5060. ఇది మారిస్తే రీలోడ్ సరిపోదు, ఆస్టరిస్క్‌ను పూర్తిగా రీస్టార్ట్ చేయాలి. ఈ ఒక్క వాక్యం తెలియక నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను, ఆ కథ కింద వస్తుంది.

డయల్‌ప్లాన్‌లో ఒక్క చుక్క

ఎక్స్‌టెన్షన్స్ డాట్ కాన్ఫ్‌లో ఏ నంబరు కొడితే ఏం జరగాలో రాస్తాం. లోపలి కాల్స్ తేలిక: అండర్‌స్కోర్ 2 ఎక్స్ ఎక్స్ అని రాస్తే 200 నుంచి 299 వరకు అన్నీ అందులో పడతాయి. 300కు, 400కు కూడా అలాగే. ఇరవై అయిదు సెకన్లు మోగినా ఎత్తకపోతే పక్క బల్లకు పంపమని ఒక వరుస కలపండి.

బయటి కాల్స్ దగ్గర నిదానంగా చదవండి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలన్న నియమం 2021 జనవరి 15 నుంచి ఉంది. ఎస్టీడీకి ఎలాగూ సున్నా ఉంటుంది. కాబట్టి 9 కొట్టి లైను తీసుకునే పాత పద్ధతి అక్కర్లేదు. ఒక్క ప్యాటర్న్ చాలు: అండర్‌స్కోర్, తర్వాత 0, తర్వాత జెడ్, తర్వాత తొమ్మిది ఎక్స్‌లు. ఎక్స్ అంటే ఏ అంకె అయినా, జెడ్ అంటే 1 నుంచి 9 వరకు. లెక్కపెట్టండి, మొత్తం పదకొండు. సెల్ నంబరు అయినా, 0870తో వరంగల్ ల్యాండ్‌లైన్ అయినా, 040తో హైదరాబాదు అయినా ఇందులో సరిగ్గా పడుతుంది. రెండో స్థానంలో జెడ్ ఉంది కాబట్టి 00తో మొదలయ్యే విదేశీ కాల్ పడదు.

అండర్‌స్కోర్ ఎక్స్ చుక్క అనే ప్యాటర్న్ మాత్రం ఎప్పుడూ రాయకండి. ఆ చుక్కకు అర్థం 'ఆ తర్వాత ఏమున్నా సరే' అని. పని త్వరగా అవుతుందని చాలామంది అదే రాస్తారు. నేనూ రాశాను. నా మొదటి ఇన్‌స్టాలేషన్లలో ఒకచోట ఆ చుక్క ఉంది, 5060 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది, 202 ఫోను పాస్‌వర్డు కూడా 202నే. ఆదివారం మార్కెట్ బంద్. సోమవారం పొద్దున గుమాస్తా ఫోన్: 'అన్నా, బయటికి ఒక్క కాల్ పోతలేదు.' చూస్తే ట్రంక్ (ఆపరేటర్ ఇచ్చే బయటి లైను) బ్యాలెన్స్ సున్నా. రాత్రంతా ఎవరో మా 202 పేరు మీద నేను పేరు కూడా వినని దేశాలకు మాట్లాడారు. సేటు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ డబ్బు నేనే కట్టాను.

అత్యవసర నంబర్లకు ఎక్స్‌లు పెట్టకుండా 100, 101, 108, 112 ఒక్కొక్కటీ విడిగా రాసి ట్రంక్‌కు పంపండి. ఒక్కసారి పరీక్షించి, అవతల ఎత్తగానే టెస్ట్ కాల్ అని చెప్పి పెట్టేయండి. ఇంకో సంగతి, ట్రంక్ హన్మకొండలో ఉంటే కోల్డ్ స్టోరేజీ నుంచి చేసిన కాల్ కూడా ఆఫీసు అడ్రసు నుంచి వచ్చినట్టే కనబడవచ్చు. అందుకే అక్కడి ఫోన్ల మీద 'అంబులెన్స్‌కు సెల్ వాడండి' అని స్టిక్కర్ అంటిస్తాను. టెక్నాలజీ చేయలేని పని స్టిక్కర్ చేస్తుంది.

ట్రంక్: ఆపరేటర్ ఇచ్చే కాగితం

బయటి ప్రపంచానికి దారి లైసెన్సు ఉన్న టెలికాం ఆపరేటర్ ఇచ్చే సిప్ ట్రంక్ ఒక్కటే. ఎవరో తక్కువకు ఇస్తానన్నారని సిమ్ములు గుచ్చిన పెట్టెలతో ఊరి కాల్స్ ఇంటర్నెట్ మీద దాటించడం అక్రమ ఎక్స్ఛేంజి కిందికి వస్తుంది, అరెస్టుల దాకా పోతుంది. మూడు చోట్ల ఫోన్లు ఒకే ట్రంక్ వాడతాయని ఆపరేటర్‌కు ముందే చెప్పి, అనుమతి కాగితం మీద తీసుకోండి.

వాళ్లు ఇచ్చే షీట్‌లో వాళ్ల ఎస్‌బీసీ (వాళ్ల నెట్‌వర్క్ గేటు దగ్గరి సర్వర్) అడ్రసు, మీ పైలట్ నంబరు (బయటివాళ్లకు కనబడే ఆ ఒక్క నంబరు), ఒకేసారి ఎన్ని కాల్స్, ఏ కోడెక్, నంబరు ఏ రూపంలో పంపాలి అని ఉంటాయి. రెండు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది, వాళ్ల అడ్రసును గుర్తుపట్టే ఐడెంటిఫై భాగం రాయడం మరిచిపోతారు. అప్పుడు బయటి నుంచి వచ్చే ప్రతి కాల్‌కూ ఆస్టరిస్క్ 'నువ్వెవరు' అని 401 పంపుతుంది. రెండోది, ఫ్రమ్ వరుసలో 202 అని పోతుంది. ఆపరేటర్‌కు 202 ఎవరో తెలియదు, 403 అని తలుపు వేస్తాడు. ఫ్రమ్ యూజర్ దగ్గర మీ పైలట్ నంబరు, వాళ్లు అడిగిన రూపంలోనే, ప్లస్ 91తో అంటే అలాగే, పెట్టండి.

ఆపరేటర్ వైపు కూడా ఇలాంటి సర్వరే ఉంటుంది, కాకపోతే మహా పెద్దది. ఐఎంఎస్ అనే ఆపరేటర్ల కాల్ నెట్‌వర్క్‌లో ఎస్-సీఎస్‌సీఎఫ్ అనే భాగం మీ ఖాతాకు రాసి పెట్టిన షరతులు చూసి, కాల్‌ను అప్లికేషన్ సర్వర్‌కు పంపుతుంది. కాల్ ఫార్వర్డ్, బార్రింగ్ లాంటివి తేల్చేది అదే. మీకు దీనితో పని ఎప్పుడు పడుతుందంటే, ఆపరేటర్ దగ్గర ఫార్వర్డ్ పెట్టించి, మీ డయల్‌ప్లాన్‌లోనూ ఫార్వర్డ్ రాసినప్పుడు. కాల్ ఇటూ అటూ తిరుగుతూ ఉంటుంది. మ్యాక్స్-ఫార్వర్డ్స్ అనే లెక్కే దానికి బ్రేకు. మామూలుగా 70తో మొదలై, ఒక్కో ప్రాక్సీ (దారిలోని సిప్ సర్వర్) దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నాకు వస్తే 483 అని ఆగుతుంది. మన ఆస్టరిస్క్ మాత్రం ప్రతిసారీ కొత్త కాల్‌గా పంపుతుంది కాబట్టి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, ఛానెళ్లన్నీ నిండేదాకా తిరుగుడు ఆగదు. ఫార్వర్డ్ ఒక్కచోటే పెట్టండి.

వీపీఎన్‌తో సగం రోగాలు పోతాయి

దుకాణం రౌటర్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా ఉంటే మీకు ఇచ్చింది పబ్లిక్ ఐపీ కాదు, ఎంతోమందితో పంచుకునేది. మన దగ్గర చిన్న ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలే. దానికి పోర్టు తెరవడం కుదరదు. కుదరకపోయినా ఫర్వాలేదు. ఆఫీసుకు ఒక్క స్టాటిక్ ఐపీ తీసుకుని, మిగతా రెండు చోట్ల రౌటర్ల నుంచి ఆఫీసుకు వైర్‌గార్డ్ వీపీఎన్ కట్టండి. దుకాణమే ముందు పలకరిస్తుంది కాబట్టి పంచుకున్న ఐపీ అయినా నడుస్తుంది. పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టండి, లేకపోతే కాసేపటికి దారి మూసుకుపోయి లోపలికి వచ్చే కాల్స్ మోగవు. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఉంటే తీసేయండి. సాయం చేస్తానని చీటీలో అడ్రసులు దిద్ది పాడుచేస్తుంది.

ట్రాన్స్‌పోర్ట్ భాగంలో లోకల్ నెట్ దగ్గర 10.20.2, 10.20.3, 10.20.4 మూడూ రాయండి. ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ రెండింటిలోనూ ఆఫీసు పబ్లిక్ ఐపీ రాయండి. రెండూ అని ఎందుకు అంటున్నానంటే, ఇదే ఆ రాత్రి కథ.

వీపీఎన్ లేని రోజుల్లో ఒక సేటుకు సెల్‌ఫోన్లో సాఫ్ట్‌ఫోన్ (సిప్ ఫోనులా పనిచేసే యాప్) పెట్టించాను. కాల్ కలుస్తోంది, మాట అద్దంలా ఉంది, సరిగ్గా అర నిమిషం దాటగానే కట్. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. గడియారం పెట్టి చూస్తే ప్రతిసారీ 32 సెకన్లు. నెట్ బాగాలేక తెగే కాల్ ఇంత పద్ధతిగా తెగదు. సిప్‌లో ఎవరైనా ఎత్తితే 200 ఓకే పోతుంది, దానికి అవతలివాళ్లు ఏక్ అనే రసీదు పంపాలి. రసీదు రాకపోతే సర్వర్ 200 ఓకేను మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లకు విసిగి బై కొడుతుంది. ఆ 32 ఎక్కడిదంటే, టీ1 అనే అర సెకను గడియారానికి 64 రెట్లు. నేను మీడియా అడ్రసు రాశాను కాబట్టి మాట బాగుంది. సిగ్నలింగ్ అడ్రసు రాయలేదు, కాబట్టి కాంటాక్ట్ వరుసలో లోపలి ఐపీ పోయింది. సేటు ఫోను రసీదును ఆ లోపలి అడ్రసుకు పంపి చేతులు దులుపుకుంది. తప్పు అర్ధరాత్రికే దొరికింది. రాసి రీలోడ్ కొట్టాను, మారలేదు. నా అంచనాయే తప్పనుకుని తెల్లారేదాకా ఇంకేవో వెతికాను. ట్రాన్స్‌పోర్ట్‌కు రీస్టార్ట్ కావాలని అప్పటికి తెలియదు.

దీనికి అన్న లాంటి జబ్బు ఇంకొకటి: కాల్ సరిగ్గా పదిహేను నిమిషాలకు తెగడం. అది సెషన్ టైమర్ పని. మామూలుగా 1800 సెకన్ల గడువు పెట్టి, సగానికి, అంటే 900 సెకన్లకు, 'ఉన్నావా' అని అడుగుతుంది. ఆ అడిగే సందేశం దారిలో పోతే కాల్ పోతుంది.

చూడటం నేర్చుకోండి

ఎస్‌ఎన్‌గ్రెప్ అనే చిన్న టూల్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఒక్కో కాల్‌ను నిచ్చెనలా గీసి చూపిస్తుంది. 202 నుంచి 305కు కాల్ చేసి చూడండి. మొదట 202 ఇన్వైట్ పంపుతుంది, సర్వర్ 401 అంటుంది. కంగారుపడకండి, అది తప్పు కాదు. పాస్‌వర్డుతో మళ్లీ రమ్మనడం. రెండో ఇన్వైట్‌కు 100, తర్వాత 180, అంటే అవతల మోగుతోంది. ఎత్తగానే 200, దాని వెనకే ఏక్. పెట్టేసినప్పుడు బై, దానికి 200. ఈ వరుస బట్టీ పడితే ఏ మెట్టు విరిగిందో చూడగానే తెలుస్తుంది. 401 తర్వాత మళ్లీ 401 వస్తే పాస్‌వర్డు. 486 అంటే బిజీ. 488 అంటే కోడెక్ కుదరలేదు. 408 అంటే అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మాట విషయానికి ఇన్వైట్ మీద ఎంటర్ కొట్టి ఎస్‌డీపీలో సీ అనే వరుస చూడండి. అక్కడ ఉన్న ఐపీకి అవతలి వైపు నుంచి నిజంగా దారి ఉందా? కోల్డ్ స్టోరేజీ నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది: 'అన్నా, మన మాట వాళ్లకు పోతుంది, వాళ్ల మాట మనకు ఇనబడతలేదు.' సీ వరుసలో 192.168.1 అని ఉంది. ఎవరో కొత్త రౌటర్ తెచ్చి పెట్టి, దాని వెనక ఫోను తగిలించారు. నేను ఆఫీసు నుంచి లేవకుండానే తెలిసిపోయింది.

తాళాలు, రికార్డులు

5060 పోర్టును ఫైర్‌వాల్‌లో మూడు లోపలి నెట్‌వర్కులకు, ఆపరేటర్ అడ్రసుకు తప్ప మూసేయండి. ఆర్‌టీపీ డాట్ కాన్ఫ్‌లో పోర్టులు 10000 నుంచి 20000 వరకు ఉంటాయి. పది కాల్స్‌కు కాల్‌కు నాలుగు చొప్పున నలభై పోర్టులే కావాలి, 10000 నుంచి 10200 దాకా కుదించండి. సేటుకు బయట తిరుగుతూ వాడే సాఫ్ట్‌ఫోన్ కావాలంటే అతని సెల్‌లోనే వైర్‌గార్డ్ పెట్టండి. పాస్‌వర్డులు ఇరవై అక్షరాలు, ఎవరూ గుర్తుపెట్టుకోలేనివి. ఫోనులో ఒకసారి కొట్టి మరిచిపోయేవే కదా. పదేపదే తప్పు పాస్‌వర్డు కొట్టేవాళ్లను ఆపే ఫెయిల్2బ్యాన్ కూడా పెట్టండి, కానీ అది తాళం కాదు, కుక్క.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దేశంలోనే దాచాలని, గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలని ఉంది. దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలి. లాగ్‌రొటేట్‌లో రోజులు మార్చడం అయిదు నిమిషాల పని. గడియారం సరిగ్గా లేకపోతే ఆపరేటర్‌తో వాదన వచ్చినప్పుడు మీ లాగ్ ఎవరూ నమ్మరు.

ఈటీసీ ఆస్టరిస్క్ ఫోల్డర్‌ను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టుకోండి. ప్రతి మార్పుకూ ఎందుకు మార్చారో ఒక ముక్క రాయండి. మూడు నెలల తర్వాత అది రాసింది మీరేనని మీరే నమ్మరు.

రీస్టార్ట్ అవసరమైతే కోర్ రీస్టార్ట్ వెన్ కన్వీనియెంట్ అని కొట్టండి. ఎవరూ మాట్లాడని క్షణం చూసుకుని అదే రీస్టార్ట్ అవుతుంది. గ్రేస్‌ఫుల్లీ అని కొడితే నడిచే కాల్స్ ఆపదు కానీ కొత్తవి రానివ్వదు. మార్కెట్ నడిచే పొద్దున ఆ తేడా మీకు తిట్ల రూపంలో తెలుస్తుంది.

కరెంటుకు సర్వర్ ఒక్కదాన్నే యూపీఎస్‌కు పెట్టి ఊరుకోకండి. రౌటర్, ఫైబర్ డబ్బా, ఫోన్లకు కరెంటిచ్చే పీఓఈ స్విచ్ కూడా దాని మీదే ఉండాలి. కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు గదికి, మెషీన్ రూమ్‌కు మధ్య రాగి కేబుల్ లాగకండి. ఎండాకాలం గాలివానలకు పడే పిడుగుల్లో ఒక్కటి దగ్గర్లో పడితే రెండు వైపులా స్విచ్‌లు పోతాయి. ఆ ముప్పై మీటర్లకు ఫైబర్ వేయండి.

ఫోన్లు మార్చే రోజు

మార్కెట్ బంద్ ఉన్న రోజే పాత నంబరును ట్రంక్‌కు మార్పించండి. సాయంత్రం కన్సోల్‌లో పీజేసిప్ షో ఎండ్‌పాయింట్స్ కొట్టి, ప్రతి ఫోనూ నాట్ ఇన్ యూజ్ అని చూపిస్తోందో లేదో చూడండి. అనవైలబుల్ అని ఉన్న ఫోను దగ్గరికి నడిచి వెళ్లండి. సగం సార్లు వైరు ఊడి ఉంటుంది. తర్వాత వరుసగా: 202 నుంచి 305, 305 నుంచి 401, బయటి సెల్ నుంచి పైలట్ నంబరుకు, 202 నుంచి సెల్‌కు. ఒక్కో కాల్ నలభై సెకన్లైనా నడవనివ్వండి, ఎందుకో మీకు తెలుసు. ఒక కాల్‌ను పదహారు నిమిషాలు వదిలేసి చాయ్ తాగి రండి. చివరగా 00తో ఏదో ఒక నంబరు కొట్టండి, అది పోకూడదు.

మర్నాడు పొద్దున ఆఫీసులో కూర్చోకండి. ల్యాప్‌టాప్ తీసుకుని దుకాణంలో గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని, ఎస్‌ఎన్‌గ్రెప్ తెరిచి పెట్టుకోండి. జెండా పాట మొదలయ్యేసరికి నిచ్చెనలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. గుమాస్తా ఒక రిసీవరు ఈ చెవికి, ఒకటి ఆ చెవికి పెట్టుకుని మీ వైపు చూస్తాడు. అతనికి హోల్డ్ బటన్ ఎక్కడుందో అప్పుడు చూపించండి.